చప్పుడు లేని వెక్కిరింత

మిఠాయి కాగితాల దగ్గర మొదలుపెడదాం. బెరిల్ ఎంట్విసిల్ ఏడేళ్ళపాటు ప్రతి శుక్రవారం సాయంత్రం అక్కడే మొదలుపెట్టేది మరి!

లండన్‌కి బాగా ఉత్తరాన, లంకాషైర్‌లోని సాల్ఫర్డ్‌లో కాలవ ఒడ్డున ఇర్వెల్ టెలివిజన్ వాళ్ళ స్టూడియో. బయట వాన, ఆ ఊరికి అదేం కొత్త కాదు. ఓల్డమ్ నుంచి, బెరీ నుంచి, రాచ్‌డేల్ నుంచి బస్సులు కట్టించుకుని వచ్చిన జనం తడి కోట్లతో మెట్ల వరసల్లో ఇరుక్కుని కూర్చునేవారు. పైనున్న పెద్ద దీపాల వేడికి కోట్లలోంచి ఆవిర్లు లేచి, హాలంతా బట్టలు ఆరేసిన వంటింట్లా ఉండేది. అప్పుడు ఊదారంగు స్వెట్టరు వేసుకున్న ఓ బొద్దుపాటి ఆవిడ మైకు పట్టుకుని ముందుకొచ్చేది.

"సంచుల్లో మిఠాయిలు ఎవరెవరి దగ్గరున్నాయి? చేతులెత్తండి. ఎవరి దగ్గరా లేవా? అబద్ధాలాడకండమ్మా, పుదీనా వాసన ఇక్కడిదాకా కొడుతోంది! తీయండి, తీయండి. ఇప్పుడే కాగితాలు విప్పి బుగ్గన పెట్టుకోండి. మధ్యలో ఎవరన్నా కరకరలాడించారో, ఆ చప్పుడు దేశమంతా వినపడుతుంది. ప్రధానమంత్రి గారు ఉలిక్కిపడి లేచి మిఠాయిల మీద పన్ను వేస్తాడు!"

అందరూ ఒక్కసారే కాగితాలు విప్పేవారు. స్టూడియోలో ఇంకో వాన కురిసినట్టుండేది. ఆ చప్పుడుకి వాళ్ళకే నవ్వొచ్చేది. అదే బెరిల్‌కి కావాల్సింది.

ఆవిడ పని అదే. ప్రోగ్రాం మొదలయ్యే ముందు జనాన్ని నవ్వించి, కాస్త కాచి ఉంచాలి. మధ్యలో తెరలు మారుస్తున్నప్పుడు వాళ్ళు చల్లారిపోకుండా చూడాలి. కెమెరాలు వెలగగానే పక్కకి తప్పుకోవాలి. ఆ తర్వాత తెల్ల కాలర్ల నటులొచ్చి మంత్రుల్ని, ఎంపీల్ని, ప్రతిపక్షం వాళ్ళని అనుకరిస్తూ ఉతికి ఆరేసేవారు. ఆ ప్రోగ్రాం పేరు 'టీ కప్పులో పార్లమెంటు'. దేశమంతా నోరు తెరుచుకుని చూసేది. దేశానికి వినపడే నవ్వు బెరిల్ కాచినదే. కాకపోతే బెరిల్ మాత్రం ఒక్కసారి కూడా తెర మీద కనపడలేదు.

"టీవీలో పనంటావ్, ఏ మూల ఉంటావే?" అని వీధిలో ఆడవాళ్ళు ఆటపట్టించేవారు.

"మీ నవ్వులో ఉంటానే. పళ్ళు తోముకుని చూడండి," అనేది బెరిల్.

బెరిల్ పుట్టింది బోల్టన్‌లో, నేత మిల్లు గోడకి ఆనుకున్న వీధిలో. అమ్మ నేతగత్తె. బెరిల్ కూడా చదువు ఆపగానే మగ్గాల దగ్గరికే వెళ్ళింది. వందల మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకని ఆ మిల్లుల్లో ఆడవాళ్ళు గొంతు వాడరు. పెదాలు సాగదీసి, కనుబొమలెగరేసి, బుగ్గలు కదిపి మాట్లాడుకుంటారు. అది చూసి అర్థం చేసుకుంటారు. హాలు ఈ చివర నుంచి ఆ చివరకి కబుర్లు, కాపురాలు, గర్భాలు, గొడవలు, అన్నీ చప్పుడు లేకుండా నడిచేవి! ఆ పెదాల మాటని వాళ్ళు 'మీమా' అంటారు. మిల్లు వదిలినా అది వదలదు. బయట వీధిలో కూడా, గౌరవంగా పైకి చెప్పే మాటలు పైకి చెప్పి, అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి గొంతు ఆపేసి, చేతులు కట్టుకుని, రొమ్ము కాస్త పైకెత్తి, మిగతాది పెదాలతో పూర్తి చేస్తారు.

మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాక బెరిల్ కార్మికుల క్లబ్బుల్లో హాస్యం చెప్పడం మొదలుపెట్టింది. ఆ క్లబ్బుల్లో బతికి బట్టకట్టడం అంటే మాటలా! ఎంత మంచి జోకు మధ్యలో ఉన్నా సరే, సెక్రటరీ వచ్చి మైకు లాక్కుని "పైలు వచ్చేశాయి!" అని అరుస్తాడు. మాంసం కూరి కాల్చిన ఆ వేడి వేడి పైల కోసం హాలంతా లేచిపోతుంది. మొదటిసారి అలా జరిగినప్పుడు బెరిల్ ఏం చేసిందో తెలుసా? తనూ దిగి పైల వరసలో నిలబడి, ఆపిన చోటి నుంచే జోకు అందుకుంది. ఒక్కడూ నోట్లో పెట్టుకున్న ముక్క మింగలేకపోయాడు. ఇర్వెల్ వాళ్ళు ఆవిణ్ణి తీసుకుంది ఆ కబురు వినే.

అదంతా బాగానే ఉంది. ఏడో ఏడు ఆకురాలే కాలంలో కొత్త ప్రొడ్యూసరు వచ్చాడు. క్రిస్పిన్ ఫాక్నర్. పెద్ద యూనివర్సిటీ చదువు, భుజాల దాకా జుట్టు, మెడకి పొడుగాటి మఫ్లరు. చెడ్డవాడు కాదు పాపం, జోకంటే ప్రాణం పెడతాడు. కాకపోతే జోకు చుట్టూ దగ్గులు, తుమ్ములు ఉండకూడదంటాడు. ఒక శుక్రవారం స్టూడియో మూల ఓ పెట్టె దిగింది. కబోర్డంత ఉంది. ముందు వైపు వరసగా బటన్లు.

"ఇది నవ్వుల పెట్టె, బెరిల్ గారూ. అమెరికాలో అందరూ ఇదే వాడుతున్నారు. ఈ బటన్ చిరునవ్వు, ఇది మామూలు నవ్వు, ఇది పొట్ట చెక్కలయ్యే నవ్వు," అని క్రిస్పిన్ నొక్కి చూపించాడు.

పెట్టె నవ్వింది. ఎవరో ఎప్పుడో ఎక్కడో నవ్వి పోయిన నవ్వు.

"బావుంది నాయనా. మరి దీనికి మిఠాయి ఎవరు పెడతారు?" అంది బెరిల్.

క్రిస్పిన్ నవ్వలేదు. నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఇంకో రెండు వారాల్లో పెట్టె పూర్తిగా పని మొదలుపెడుతుంది. తర్వాత బస్సులక్కర్లేదు. జనం అక్కర్లేదు.

జనం అక్కర్లేకపోతే బెరిల్ అక్కర్లేదు. క్లబ్బులు కూడా మూతపడుతున్న రోజులు. యాభై ఏడేళ్ళ ఆడమనిషికి ఇంకో వేదిక ఎవరిస్తారు?

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. చెప్పిందంటే పెదాలతోనే. క్లిఫర్డ్ జీవితమంతా అదే మిల్లులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. ఆ మోతకి రెండు చెవులూ పోయాయి. ఇప్పుడు పెరట్లో పావురాలు పెంచుకుంటాడు. వాళ్ళింట్లో సంసారమంతా మీమాతోనే. శుక్రవారం శుక్రవారం ఆయన టీవీ ముందు బుద్ధిగా కూర్చునేవాడు. నటులు అతి నాజూకుగా, పెదాలు విప్పీ విప్పకుండా మాట్లాడతారు. ఆయనకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తన పెళ్ళాం తెప్పించే నవ్వు అసలే వినపడదు. అయినా అయిపోయేదాకా కదిలేవాడు కాదు.

ఆ పూట గిన్నెడు మాంసం-బంగాళదుంపల కూర మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు.

"పెట్టెకి ఎప్పుడు నవ్వాలో ఎవరు చెప్తారే?" అన్నాడు క్లిఫర్డ్.

"ఓ కుర్ర ఇంజినీరు బటన్ నొక్కుతాడు."

"మరి వాణ్ణి ఎవరు నవ్విస్తారు?"

బెరిల్ ఆయన పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఎర్ర క్యాబేజీ ఊరగాయ ఇంకాస్త వడ్డించింది.

సరిగ్గా ఆ వారంలోనే ప్రధానమంత్రి హఠాత్తుగా ఎన్నికలు ప్రకటించేశాడు. ప్రకటించగానే స్టూడియోలోకి లాంగ్‌మీడ్ గారు దిగారు. ఆయన టీవీ వాళ్ళ లాయరు, లండన్‌కి దక్షిణాన కెంట్ నుంచి వచ్చారు, ఈ మిల్లుల సంగతి తెలియని మనిషి. మామూలు రోజుల్లో కూడా స్క్రిప్టులో ప్రతి మాటా చదివి, పరువు నష్టం దావా పడేలా ఉన్నవి కొట్టేస్తారు. ఎన్నికలొస్తే ఆయన మెడలో స్టాప్‌వాచీ వేలాడుతుంది. ఎందుకంటే ఎర్ర పార్టీని ఎంతసేపు వెక్కిరిస్తే నీలం పార్టీని అంతసేపూ వెక్కిరించాలి. పసుపు పార్టీనీ అంతసేపే. ఒకరికి తక్కువ కాకూడదు, ఒకరికి ఎక్కువ కాకూడదు. ఆ దేశంలో వెక్కిరింతకి కూడా తూకం ఉంది!

ఆ లెక్కతోనే ఒక ప్రోగ్రాం అయిపోయింది. ఆ పై శుక్రవారం మధ్యాహ్నం రిహార్సల్. పెట్టెని మొదటిసారి పరీక్షిస్తున్నారు. నీలం పార్టీ మీద జోకు పడింది. పెట్టె పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఎర్ర పార్టీ మీద జోకు పడింది. పెట్టె మర్యాదగా నవ్వి ఊరుకుంది. లాంగ్‌మీడ్ గారు స్టాప్‌వాచీ ఆపి చెయ్యెత్తారు.

"నీలం వాళ్ళకి ఎక్కువసేపు నవ్వింది. ఎర్ర వాళ్ళకి తక్కువ. బటన్ ఎవరు నొక్కారు?"

"నేనేనండీ," అన్నాడు ఇంజినీరు.

"ఓటు ఎవరికేస్తావ్?"

"అది రహస్యం కదండీ!"

"కదా! నీ ఓటు రహస్యం. మరి నీ నవ్వు న్యాయమైనదని నేనెట్లా నమ్మేది? రేపు ఎర్ర పార్టీ వాళ్ళొచ్చి, బటన్ దగ్గర నీలం మనిషిని కూర్చోబెట్టారంటే ఏం చెప్పేది? వీల్లేదు. జనం వాళ్ళంతట వాళ్ళు నవ్వితే ఎవరూ ఏమీ అనలేరు. ఎన్నికలయ్యేదాకా ఈ పెట్టె నవ్వకూడదు."

పెట్టె మీద దుప్పటి కప్పేశారు. బెరిల్ దాని పక్కన నిలబడి, దుప్పటి సర్ది, "నిద్రపో నాన్నా," అంది. పనివాళ్ళు గొల్లుమన్నారు. క్రిస్పిన్ కూడా నవ్వాపుకుంటూనే, "ఎన్నికలయ్యేదాకే, బెరిల్ గారూ," అని గుర్తుచేశాడు. ఆవిడకి మాత్రం గుర్తులేదా!

సాయంత్రం ప్రోగ్రాం మొదలవడానికి ఇంకా ఓ గంట ఉందనగా రిసెప్షన్ దగ్గర గలాటా. వానలో ముద్దగా తడిసిన ఓ సన్నపాటి పెద్దమనిషి. కోటు మీద పసుపు రిబ్బను పువ్వు ముడుచుకుపోయింది. ఆయన వెనక గోడకి ఆనించి ఒక సైకిలు, ఇద్దరు ఒకరి వెనక ఒకరు తొక్కే పొడుగు సైకిలు. వచ్చింది మాత్రం ఒక్కడే. పసుపు పార్టీ అభ్యర్థి హెక్టర్ ప్రౌస్. ఆ సైకిలు మీద, వెనక సీటు ఖాళీగా, మెగాఫోను పట్టుకుని ఊరంతా తిరుగుతుంటాడు. ఆయన్ని చూడని గుమ్మం లేదు.

"నన్నెందుకు వెక్కిరించలేదండీ?" అన్నాడు ప్రౌస్, క్రిస్పిన్ని చూడగానే.

"కిందటి వారం వెక్కిరించాం కదండీ. అర నిమిషం."

"అర నిమిషం! వాన పడుతుందా లేదా అనేది కూడా అంతకన్నా ఎక్కువసేపు చెప్తారు. ఆ నీలం ఆయన్ని వంగదీసి వాయించారు. ఎర్ర ఆయనకి ఒంటిమీద చొక్కా మిగల్చలేదు. నేనేం పాపం చేశాను? మా అమ్మ చుట్టుపక్కల వాళ్ళందర్నీ పిలిచి, కేకు కోసి, టీవీ ముందు కూర్చోబెట్టింది. అర నిమిషంలో అయిపోతే ఆవిడ తల ఎక్కడ పెట్టుకుంటుంది?"

ఆయన బాధ ఆ దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది. అక్కడ తిడితే గౌరవం, తిట్టకపోతే అవమానం. పేపర్లో తన ముక్కుని సొరకాయంత గీసిన బొమ్మని కొనుక్కుని ఇంట్లో అద్దం కట్టించి తగిలించుకునే మంత్రులున్నారు. వెక్కిరించడానికి కూడా పనికిరాడంటే ఇంక వాడు ఉన్నట్టా, లేనట్టా?

లాంగ్‌మీడ్ గారు నిమిషాల లెక్క రాసుకున్న చీటీ తీసి చూసి గొంతు సవరించుకున్నారు. "ఆయనన్నది నిజమే. లెక్క తప్పింది. ఈ పూటే సరిచెయ్యాలి. లేదంటే ఎన్నికలయ్యేదాకా ప్రోగ్రాం ఆపెయ్యమని నేనే సలహా ఇవ్వాల్సొస్తుంది."

క్రిస్పిన్ మఫ్లరు వదులు చేసుకున్నాడు. "ఇప్పటికిప్పుడు ఎలాగండీ? రచయితలిద్దరూ మధ్యాహ్నం నుంచి పబ్బులో ఉన్నారు. ఇప్పుడు వాళ్ళ చేత వాళ్ళ పేర్లు కూడా రాయించలేం!"

"రాసినా లాభం లేదు. నేను నింపాదిగా చదవని ఒక్క మాట కూడా గాల్లోకి పోవడానికి వీల్లేదు," అన్నారు లాంగ్‌మీడ్ గారు.

బెరిల్ టీ కప్పు పట్టుకుని అటుగా పోతోంది. ఆగింది.

"లాంగ్‌మీడ్ గారూ, మీరు చదవాల్సింది వినపడే మాటలేగా?"

"అవునమ్మా."

"వినపడని మాటలో?"

"వినపడనిది మాటెలా అవుతుంది? ఎవరికీ వినపడకపోతే ఎవరి పరువు పోతుంది?"

బెరిల్ టీ కప్పు బల్ల మీద పెట్టింది. "అయితే నేను పైకి చెప్పే నాలుగు మాటలూ ఇప్పుడే అప్పజెప్పేస్తాను, వినండి. 'ప్రౌస్ గారు మా గుమ్మం ముందుకొచ్చారు. ఎంత నిదానమైన మనిషో! టీ ఇస్తే తాగారు. ఓటు గురించి అడిగారు.' అంతే. అభ్యంతరమా?"

"అంతా పొగడ్తే కదా. అభ్యంతరం దేనికి?"

"ఇందులో కామెడీ ఎక్కడుంది, బెరిల్ గారూ?" అని క్రిస్పిన్ దాదాపు ఏడుపు ముఖం పెట్టాడు.

"కామెడీ నీకు కనపడదు నాయనా. బయట బస్సుల్లోంచి దిగుతున్నారే, వాళ్ళకి కనపడుతుంది. నాకు ఆ కెమెరా ముందు ఓ అయిదు నిమిషాలివ్వు. జనం నవ్వలేదనుకో, ఎన్నికలయ్యాక నీ పెట్టెకి నేనే ప్లగ్గు పెట్టి వెళ్ళిపోతా."

"నవ్వితే?"

"నవ్వితే జనం ఎప్పటికీ ఇక్కడే కూర్చుంటారు. వాళ్ళతో పాటు నేనూ."

క్రిస్పిన్ గడియారం చూశాడు. దుప్పటి కప్పిన పెట్టె వైపు చూశాడు. "సరే," అన్నాడు.

ఆ పూట జనం మరి ఎవరనుకున్నారు! ఓల్డమ్ నుంచి పాత మిల్లు కార్మికుల సంఘం, రెండు బస్సులు. బెరిల్ ఎప్పట్లాగే మిఠాయి కాగితాలు విప్పించింది. కాగితాల వాన కురిసి ఆగింది. ప్రౌస్‌ని తువ్వాలిచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన ఆలస్యంగా వచ్చాడు కదా, పక్కావిడ ఇచ్చిన మిఠాయి చేతిలోనే ఉండిపోయింది.

ప్రోగ్రాం మొదలైంది. ఎర్ర వాళ్ళకి పడాల్సింది పడింది. నీలం వాళ్ళకి పడాల్సింది పడింది. మధ్యలో సబ్బుల ప్రకటనలు. అవి అయిపోగానే కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. ఎదురుగా ఊదారంగు స్వెట్టరుతో బెరిల్ ఎంట్విసిల్.

ఏడేళ్ళలో మొదటిసారి ఆ దీపం ఆవిణ్ణి చూస్తూ వెలిగింది. మగ్గాల మధ్య నిలబడ్డాననుకుంది. అంతే, ఓ అడుగు ముందుకేసింది.

"మన ప్రౌస్ గారు మొన్న మా గుమ్మం ముందుకొచ్చారు," అంది పైకి, చర్చిలో మాట్లాడినంత మర్యాదగా.

ఆపింది. చేతులు కట్టుకుంది. రొమ్ము పైకెత్తింది. ఓల్డమ్ ఆడవాళ్ళందరూ ఒక్కసారి ముందుకు వంగారు. వస్తోంది, వస్తోంది!

"రెండు సీట్ల సైకిలు మీద. ఒక్కడే," అంది పెదాలతో.

అటు తిరిగి, పెదాలతోనే రెండో మగ్గం దగ్గరి ఆడమనిషైపోయింది. "వెనక సీట్లో ఎవరే?"

ఇటు తిరిగింది. "పార్టీ అంతా అక్కడే ఉందట."

"అయ్యో, పడిపోయిందా?"

"ఎక్కితేగా పడ్డానికి!"

హాలు బద్దలైంది. పైన కంట్రోల్ రూములో మాత్రం గోల. "సౌండు పోయింది! ఆవిడ మాట రావట్లేదు!" అని ఇంజినీర్లు తీగలు పీకి మళ్ళీ గుచ్చుతున్నారు. "పోలేదు, జనం నవ్వు వస్తోందిగా!" అని ఒకడు. "మరి దేనికి నవ్వుతున్నారు?" అని ఇంకొకడు. దక్షిణాదిన ఊళ్ళకి ఊళ్ళే లేచి టీవీ పెట్టెల్ని చరుస్తున్నాయి. మీమా తెలిసిన మిల్లుల సీమ లంకాషైర్‌లో ఒక్కరూ చరచలేదు. కుర్చీలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

"ఎంత నిదానమైన మనిషో!" అంది బెరిల్ పైకి. మళ్ళీ పెదాలు. "ఎర్ర వాళ్ళు ఎడమకి రమ్మంటారు. నీలం వాళ్ళు కుడికి రమ్మంటారు. ఈయన నడిరోడ్డు మీద ఆగి మ్యాపు చూస్తున్నాడు."

"ఎప్పట్నుంచే?"

"మా అమ్మ పెళ్ళప్పట్నుంచి."

వెనక వరసలో ఒకావిడ పక్కావిడ టోపీలో మొహం దాచుకుని ఏడుస్తోంది, నవ్వలేక.

"టీ ఇస్తే తాగారు." పెదాలు. "పాలు ముందు పోయాలా, టీ ముందు పోయాలా అని అడిగా."

"ఏమన్నాడు?"

"రెండు పక్కలా న్యాయం ఉంది, కమిటీ వేద్దాం అన్నాడు."

"ఆ తర్వాత?"

"చల్లారిపోయింది."

"టీనా?"

"నేను కూడా."

అప్పుడు జనం ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగారు. హాలు నిశ్శబ్దం. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో 'కరకర' మని చప్పుడు. ముందు వరసలో ప్రౌస్, నవ్వి నవ్వి నోరెండిపోయి, మిఠాయి కాగితం విప్పుతున్నాడు! ఆ చప్పుడు దేశమంతా వినపడింది. బెరిల్ నెమ్మదిగా అటు తిరిగింది. కెమెరా కూడా తిరిగింది. ఆవిడ కనుబొమలు నెత్తికెక్కాయి.

"అది కూడా ఇప్పుడే మొదలుపెట్టాడు," అంది పెదాలతో.

ఇంక ఆ నవ్వుని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ప్రౌస్ రిబ్బను పువ్వు ఊడి కింద పడింది. లాంగ్‌మీడ్ గారు స్టాప్‌వాచీ చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నారు. ఆయన చెవిన పడిందల్లా ఓ పెద్దమనిషి గుమ్మం ముందుకొచ్చి టీ తాగాడని.

బెరిల్ చెయ్యెత్తి ఆగమంది. "ఓటు గురించి అడిగారు," అంది పైకి. పెదాలతో, "మీకే అన్నా," అంది.

"నిజంగానా?"

"ముగ్గురికీ అదే చెప్పా."

వంగి నమస్కరించింది. జనం లేచి నిలబడ్డారు. బూట్లతో నేలని తొక్కారు. మిల్లు సైరను మోగినప్పుడు చెక్క చెప్పులతో పరిగెత్తినట్టు.

ప్రోగ్రాం అయ్యాక లాంగ్‌మీడ్ గారు నేరుగా ప్రౌస్ దగ్గరికి నడిచారు. "నాకేమీ వినపడలేదు. రికార్డు కోసం అడుగుతున్నాను. మీకు చెందాల్సిన వెక్కిరింత మీకు అందిందా?"

"పూర్తిగా ముట్టిందండీ!" అన్నాడు ప్రౌస్ కళ్ళు తుడుచుకుంటూ. "మా తాతది నేత మిల్లు. నేను మీమా మధ్యే పెరిగాను. ఎక్కడండీ ఫోను? మా అమ్మకి చెయ్యాలి!"

ఫోను ఖాళీగా ఉంటేగా! స్విచ్‌బోర్డు అమ్మాయి చేతులు చాలడం లేదు. లండన్ నుంచి, బ్రైటన్ నుంచి, "ఆవిడ ఏమందో చెప్పండి, నవ్వు వినపడి మాట వినపడక ప్రాణం పోతోంది," అని బతిమాలుతున్నారు. ఆ మధ్యలోనే ఒక కోపం గొంతు: ఎర్ర పార్టీ ఆఫీసు. "ఇదెక్కడి న్యాయమండీ? మావాడికి కాలర్ నటులు, ఆ పసుపు ఆయనకి ఆవిడానా? మావాడికీ ఆవిడే కావాలి!" ఆ ఫోను పెట్టేలోపే నీలం పార్టీ ఆఫీసు. అదే మాట, ఇంకాస్త గట్టిగా.

లాంగ్‌మీడ్ గారు చీటీ బయటికి తీశారు. "సమయం సమానంగానే ఉంది. నాణ్యత మాత్రం సమానంగా లేదు. వాళ్ళడిగింది న్యాయమే. వచ్చే వారం ఎర్ర వాళ్ళకి ఆవిడ. ఆ పై వారం నీలం వాళ్ళకి ఆవిడ. అప్పుడు పసుపు వాళ్ళు ఊరుకోరు. ఆ తర్వాత..." అని లెక్కవేసుకుంటూ పోయి, "ఇది ఇప్పట్లో తెగేలా లేదు," అన్నారు.

క్రిస్పిన్ మూలకి వెళ్ళాడు. పెట్టె ప్లగ్గు ఊడబీకాడు. తీగ చుట్ట చుట్టి దాని మీద పెట్టి, బెరిల్ దగ్గరికొచ్చాడు.

"రేపే వెనక్కి పంపించేస్తున్నాను. బస్సుల వాళ్ళకి కూడా కబురు పెడతాను. ఇంకోటి..." అని సిగ్గుపడ్డాడు. "అదేంటో మీమా... నాకు నేర్పిస్తారా?"

"మూతి సాగదియ్యి నాయనా. ఇంకా. ఇంకా! చదువుకున్న మూతి కదా, బిగుసుకుపోయింది. మెల్లిగా వస్తుందిలే."

బెరిల్ బస్సెక్కి ఇంటికొచ్చేసరికి క్లిఫర్డ్ గుమ్మంలోనే ఉన్నాడు. వానలో, టోపీ లేకుండా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బెరిల్ కంగారుపడి, "ఏమైంది? పావురాలు బానే ఉన్నాయా?" అంది.

ఆయన తలూపాడు. పెదాలతో ఒక్కో మాటే నెమ్మదిగా చెప్పాడు.

"ఏడేళ్ళుగా చూస్తున్నానే ఆ ప్రోగ్రాం. ఇవాళ ప్రతి మాటా విన్నాను."

బెరిల్ స్వెట్టరు చేతితో ఆయన తడి మొహం తుడిచింది. అప్పుడాయన చేతులు కట్టుకుని, ఛాతీ పైకెత్తి, "టీనా?" అని అడిగాడు.

"నేను కూడా," అంది బెరిల్. గుమ్మంలోనే నిలబడి ఇద్దరూ విరగబడి నవ్వారు.

మర్నాడు పొద్దున బెరిల్ రొట్టె కొనడానికి బయల్దేరింది. శనివారం కదా, ఆడవాళ్ళందరూ మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మాల మెట్లు రుద్దుతున్నారు. ఆవిడ కనపడగానే బ్రష్షులు ఆగిపోయాయి. ఎవరూ పిలవలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వీధి మొదట్లో ఒకావిడ లేచి, చేతులు కట్టుకుని, రొమ్ము పైకెత్తి, "వెనక సీట్లో ఎవరే?" అంది పెదాలతో. ఎదురింటావిడ అందుకుంది, "పార్టీ అంతా అక్కడే ఉందట." పక్కావిడ, "పడిపోయిందా?" ఆ పక్కావిడ, "ఎక్కితేగా!" అలా గుమ్మం నుంచి గుమ్మానికి, రొట్టెల కొట్టు దాకా, ఒక్క చప్పుడు లేకుండా జోకు బెరిల్‌తో పాటే నడుచుకుంటూ వెళ్ళింది.

బెరిల్ తల పైకెత్తి, వీధి మధ్యలో నడిచింది.